నీలం ఏప్రన్లు

ఉదయం పదింటికి ప్యాకింగ్ సెక్షన్‌లో మరో మనిషి మానేసింది. ఈ ఏడాది ఇరవై ఆరో మనిషి.

"ఈవిడే మనవాళ్ళని పక్క కంపెనీకి అమ్ముకుంటోంది," అన్నాడు బ్యాగుల ఫ్యాక్టరీ ఎండీ, ప్యాకింగ్ సూపర్‌వైజర్ వైపు వేలు చూపిస్తూ. "సాయంత్రంలోగా రాజీనామా ఇవ్వకపోతే పోలీస్ కంప్లైంటే."

"ఇవ్వను," అందామె. "చెయ్యని తప్పుకి తల వంచడం నాకు చేతకాదు."

జల్లెడ తలెత్తి చూసింది. పోలీసు ఉద్యోగం వదిలి ప్రైవేటుగా కేసులు చూస్తున్న, ఎండీ పిలిపించిన ఈ డిటెక్టివ్‌కి ఆ పేరు పాత ఆఫీసర్లు పెట్టింది. సూపర్‌వైజర్ మొండితనం ఆవిడకి నచ్చింది. నచ్చినంత మాత్రాన కేసు తేలదు కదా.

హెచ్‌ఆర్ ఆఫీసర్ స్క్రీన్ మీద గ్రాఫ్ చూపించాడు. మానేసినవాళ్ళంతా ప్యాకింగే. కుట్టు సెక్షన్‌లో సున్నా. దాని మేనేజర్ ఎండీగారి బావమరిది. ఈసారి బోనస్ కూడా ఆయనకే.

"ఒక్కరూ మానలేదా?"

"నా పిల్లల్లా చూసుకుంటాను మేడమ్," అన్నాడు బావమరిది, కాలు మీద కాలు వేసుకుని.

ఏడాదంతా ఒక్కరికైనా పెళ్ళి కాలేదా? ఇల్లు మారలేదా? జల్లెడకి ఆ సున్నా గొంతు దిగలేదు.

నేరుగా స్టోర్‌కి వెళ్ళింది. మానేసినవాళ్ళు తిరిగిచ్చిన ఏప్రన్లు అక్కడ కుప్పగా పడి ఉన్నాయి. అన్నీ నీలం.

"ప్యాకింగ్ ఏప్రన్ ఏ రంగు?" స్టోర్‌కీపర్ని అడిగింది.

"పసుపు మేడమ్. నీలం కుట్టువాళ్ళది."

"మరి ఇవేంటి?"

"వాళ్ళిచ్చినవి తీసుకున్నాను. నన్నెవరూ అడగలేదు."

సాయంత్రం నాలుగింటికి అందరూ ఎండీ గదిలో చేరారు. జల్లెడ ఒక నీలం ఏప్రన్ బల్ల మీద పరిచింది.

"మీ కంప్యూటర్ మనిషి వెళ్ళిపోయిన రోజు ఏ సెక్షన్‌లో ఉంటే ఆ సెక్షన్ లెక్కలోనే వేస్తుంది. అవునా?"

"అవును," అన్నాడు హెచ్‌ఆర్ ఆఫీసర్.

"బదిలీల డేటా తెరవండి."

తెరిచాడు. అతని మొహం పాలిపోయింది. "ఇరవై ఆరు మందీ కుట్టులోనే పనిచేశారు. రాజీనామా ఇచ్చిన మర్నాడే ప్యాకింగ్‌కి బదిలీ. సంతకం... మేనేజర్‌గారిదే."

"రాజీనామా ఇచ్చాక నోటీసు గడువని ఉండేది నాలుగు వారాలు. దానికోసం కొత్త ఏప్రన్ ఎవరు తీసుకుంటారు?" అంది జల్లెడ. "బాత్రూమ్‌కి వెళ్ళినా ఈ మేనేజర్ జీతం కోశాడని పారిపోయినవాళ్ళు వీళ్ళు. ఫోన్ చేసి కనుక్కున్నాను. ప్యాకింగ్ సొంత మనుషుల్లో మానినవాళ్ళు ఒక్కరూ లేరు."

"నేను ముందే మొత్తుకున్నాను," అంది సూపర్‌వైజర్. "వెళ్ళిపోయేవాళ్ళని నా నెత్తిన ఎందుకు రుద్దుతున్నారని. సర్దుకోమన్నారు."

బావమరిది కాలు దించాడు. ఎండీ గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, ఇంటి విషయం. రిపోర్టులో పేరు లేకుండా..."

"పేరు ఉంటుంది. ఇష్టం లేకపోతే నా ఫీజు మీరే ఉంచుకోండి. రిపోర్టు మాత్రం మీ పార్ట్‌నర్లందరికీ వెళ్తుంది."

ఎండీకి చెమట పట్టింది. సూపర్‌వైజర్ వైపు తిరిగి బతిమాలుతున్నట్టు అన్నాడు. "అమ్మా, నీ ఉద్యోగానికి ఢోకా లేదు. మా బావమరిదిని కొన్నాళ్ళు నీ సెక్షన్‌లో వేస్తాను. గొడవ చల్లారేదాకా."

ఆమె లేచి నిలబడింది.

"వద్దు సార్. పంపించదల్చుకున్నవాళ్ళని నా సెక్షన్ మీదుగా పంపింది చాలు. ఈయన్ని మీ గదిలోంచే పంపండి."