హాఫొద్ మూడో ప్రాణం

చిన్న కథే. టీ చల్లారేలోగా అయిపోతుంది. హాఫొద్ అనే పొలంలో ఉండే మెరెరిడ్ ఒక పండగనాడు దివాణానికి పాత పుస్తకం వెతకడానికి వెళ్లింది. వెళ్లిన మనిషి తిరిగొచ్చింది కూడా. కాబట్టి భయస్తులెవరైనా ఉంటే ఇప్పుడే ధైర్యం తెచ్చుకోవచ్చు.

అయితే దివాణం మాటెత్తితే ముందు గుమస్తా ప్యూ గారి సంగతి చెప్పాలి. ఆయన నలభై ఏళ్లుగా గెథిన్ దొరల దస్త్రాల గదిలో కూర్చుంటున్నాడు. ఒకప్పుడు పెళ్లి చేసుకోబోయి, పెళ్లికూతుర్ని ఏ పెట్టెలో భద్రం చెయ్యాలో తేలక మానేశాడని మా ఊళ్లో అంటారు. అది అబద్ధం. ఆ పిల్లే వద్దంది. ఆమె చెల్లెలు నాతో చెప్పింది.

గెథిన్ దొరలు కాగితం పారేసే రకం కాదు. ఏ బిషప్పు ఏ విందులో ఎన్ని చేపలు తిన్నాడో, ఏ పనిమనిషి ఏ మంగళవారం ఏ కప్పు పగలగొట్టిందో రెండు వందల ఏళ్ల లెక్క ఆ గదిలో ఉంది. వాళ్ల వేటకుక్కల వంశం ఏడు తరాలు దొరుకుతుంది. మా ముత్తాతల పేర్లు మాత్రం సగం దొరకవు.

ఇక కథ. మూడు ప్రాణాల కౌలు అంటే ఏమిటో ఒకప్పుడు వేల్స్‌లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇప్పుడు చిన్నపిల్లలకి ఏమీ తెలియదు కనుక చెబుతున్నాను. దొర పొలం కౌలుకిచ్చేటప్పుడు రైతు ముగ్గురి పేర్లు రాయిస్తాడు. ఆ ముగ్గురిలో ఒక్కరు ఊపిరి పీలుస్తున్నంతకాలం పొలం, ఇల్లు ఆ కుటుంబానివే. మూడో ప్రాణం పోయిన రోజున అన్నీ దివాణానివి. అందుకని తెలివైనవాళ్లు పసిపిల్లల పేర్లు రాయించేవారు. ఏటా సెయింట్ థామస్ పండగనాడు, అంటే ఏడాదిలోకెల్లా పొట్టి పగలు రోజున, ఆ ప్రాణాలు దివాణానికి వెళ్లి తాము బతికే ఉన్నామని పుస్తకంలో వేలిముద్ర వేసి రావాలి.

హాఫొద్ కౌలు పద్దెనిమిది వందల ముప్ఫైలో రాసింది. మొదటి రెండు ప్రాణాలూ ఎప్పుడో పోయాయి. మూడోది లౌరి. అప్పటికి నెల పిల్ల. ఇప్పుడు మెరెరిడ్‌కి మేనత్త, మంచానికి అతుక్కుపోయి కూడా నోరు మాత్రం అతుక్కోని మనిషి.

మెరెరిడ్ దక్షిణాది బొగ్గు ఊళ్లో కాపురం చేసింది. మొగుడు గనిలో పోయాక, ఈ కథ జరిగిన ఏడు వేసవిలోనే హాఫొద్‌కి తిరిగొచ్చింది. ఇంకో చూరు లేదు. అత్తకి మజ్జిగలో రొట్టె నానబెట్టి పెట్టడం, పొయ్యి ముందున్న రాయి తుడవడం ఆమె పనులు. ఆ రాయి ఎంత మంట వేసినా చెమ్మగానే ఉండేది. రోజుకి నాలుగుసార్లు తుడిచేది, నాలుగుసార్లు తిట్టేది.

యుద్ధం తర్వాత దొరగారికి లండన్ గాలి సోకింది. పందొమ్మిది వందల ఇరవై ఒకటిలో ఎస్టేటు మొత్తం అమ్మకానికి పెట్టాడు. కొత్తగా వచ్చిన దివాను స్కెల్టన్ ఊరంతా చాటించాడు: ఈ ఏడు థామస్ పండగనాడు దీపాలు పెట్టే వేళకి ముద్ర పడని ప్రాణం చచ్చినట్టే లెక్క.

"బండి కట్టిస్తానత్తా," అంది మెరెరిడ్. "పరుపు వేయిస్తా. కాళ్ల దగ్గర వేడి ఇటుక పెడతా. ఒక్క ముద్ర వేసి వచ్చేద్దాం."

"నేను రాను."

"ప్రతి ఏడూ వెళ్లావుగా!"

"నేనా? పుట్టి బుద్ధెరిగి ఆ గడప తొక్కలేదు. అమ్మ ఒట్టు వేయించుకుంది."

"మరి నీ పేరున ముద్ర ఎవరేస్తున్నారు?"

అత్త గోడవైపు తిరిగింది. "రొట్టె నానిందేమో చూడవే."

మెరెరిడ్ గిన్నె అందించింది. గిన్నె పట్టుకున్న అత్త కుడి బొటనవేలి మీద అడ్డంగా తెల్లటి గాటు. పన్నెండో ఏట బార్లీ కోతలో కొడవలికి తెగింది. ఎముక దాకా వెళ్లిందని అత్త గొప్పగా చెప్పుకుంటుంది.

బతిమాలింది, అరిచింది, ఏడ్చింది. తొంభై ఏళ్ల మనిషి మీద ఏదీ పనిచెయ్యలేదు. ప్యూ గారే ఇన్నాళ్లూ దయతలచి రాసేస్తున్నాడేమో అనుకుంది మెరెరిడ్. ప్యూ గారికి దయ ఉందనుకోవడం, పాపం, ఊరికి దూరంగా బతికినందువల్ల వచ్చిన పొరపాటు.

పండగనాడు మధ్యాహ్నం పన్నెండింటికి ఒక్కతే దివాణానికి వెళ్లింది.

దస్త్రాల గదికి ఒకటే తలుపు. ఆ తలుపులో జానెడు కిటికీ. కౌలుదార్ల బూట్ల బురద లోపలికి రాకూడదని వాళ్లు నడవలోనే నిలబడి కిటికీలోంచి చెయ్యి లోపలికి పెడతారు. ప్యూ గారు సిరా అద్ది ముద్ర వేయిస్తాడు. పాత పుస్తకం నిండిపోయి ఆ ఏడే కొత్తది మొదలైంది.

"లోపలికి రాకూడదు," అన్నాడు ప్యూ గారు తలెత్తకుండా. "బూట్లు."

"విప్పేశాను."

ఆయన కళ్లద్దాల మీదుగా ఆమె మేజోళ్లు చూశాడు. ఇలా జరిగితే ఏం చెయ్యాలో నియమం లేదు కనుక ఊరుకున్నాడు.

"పాత ముద్రల పుస్తకం చూపించండి. అత్త ఏటా వచ్చినట్టు అందులో ఉంటే, ఈ ఒక్కసారికి మంచం దగ్గరికే వచ్చి చూడమని దివాను గారిని అడుగుతాను."

"అడుగు. రానంటాడు."

"పుస్తకం ఎక్కడుంది?"

"ప్రాణాల పెట్టెలో."

"ఆ పెట్టె ఎక్కడుంది?"

"జాబితా చూడాలి."

"జాబితా ఎక్కడుంది?"

"ప్రాణాల పెట్టెలో."

మెరెరిడ్ మొదటి పెట్టె దించింది.

అందులో ఉతికిన లేసుల జాబితాలు. రెండో పెట్టెలోనూ లేసులే. మూడో దాంట్లో బిషప్పు తిన్న చేపలు. నాలుగో దాంట్లో ఆ చేపలు బాగా లేవని బిషప్పు రాసిన ఉత్తరం. మేజోళ్లలోంచి రాతి చలి పైకెక్కుతోంది. చేతులు దుమ్ముకి పగిలాయి. తలుపు బయట ఒక్కొక్క ప్రాణం వచ్చి ముద్ర వేసి దగ్గుకుంటూ వెళ్లిపోతోంది. ప్యూ గారు ఒక్కసారి కూడా కుర్చీలోంచి లేవలేదు.

"పెట్టెల మీద రాసినది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి!" అని అరిచింది చివరికి.

"పైన రాసింది తప్పు కాదు," అన్నాడు ఆయన. "లోపలున్నవే మారాయి."

మూడున్నర దాటింది. గోడ కిటికీ అద్దం బూడిదరంగయింది. కుక్కల వంశావళి అని రాసి ఉన్న పెట్టెలో, అట్టడుగున, పుస్తకం దొరికింది.

హాఫొద్‌కి ఒక పుట. లౌరి పేరు. పక్కన ఏటా ఒక ముద్ర, ఒక్కటీ తప్పకుండా. మెరెరిడ్ ప్రాణం లేచొచ్చింది.

మళ్లీ చూసింది.

మొదటి ఏటి ముద్ర పెసరగింజంత. మరుసటి ఏడు కందిగింజంత. ఏటేటా కొంచెం కొంచెం పెరిగి, పెద్దదై, ఆడమనిషి బొటనవేలంత అయింది. పక్క పుటల్లో మిగతావాళ్ల ముద్రలన్నిటికీ దున్నిన చేనులాగా గీతలున్నాయి. లౌరి ముద్రకి గీతలు లేవు. తొంభై ఒక్క ముద్రల్లో ఒక్కదానికీ లేవు. నున్నగా, నల్లగా… దేన్నీ ఎప్పుడూ ముట్టుకోని వేలులాగా.

కొడవలి గాటు కూడా లేదు.

"ప్యూ గారూ." ఆమె గొంతు తగ్గింది. "ఈమెను మీరు చూశారా?"

"నలభైసార్లు."

"మొహం?"

"కిటికీలోంచి మొహం ఎలా కనిపిస్తుంది? బొటనవేలు చూస్తాను. బొటనవేలుందంటే దాని వెనకాల మనిషి ఉంటుందిగా." ఆయన గడియారం తీసి చూశాడు. "హాఫొద్ వాళ్లు ఎప్పుడూ ఆఖరునే వస్తారు. వచ్చే వేళయింది."

నడవలో చీకటి పడింది. బయట వాన లేదు. అయినా ఎక్కడో నీళ్లు బొట్లు పడుతున్న చప్పుడు. తర్వాత వాసన వచ్చింది. తడిసిన ఉన్ని. దాని కింద, విరిగిన పాలు.

అడుగుల చప్పుడు లేదు. ఏదో ఈడ్చుకొస్తున్నట్టు… ఆగుతూ… మళ్లీ ఈడుస్తూ.

తలుపు దగ్గర ఆగింది.

ప్యూ గారు కలం సిరాలో ముంచాడు.

"పేరు?"

నీళ్ల బొట్ల చప్పుడు ఆగింది.

"లౌరి…" అంది తలుపు అవతల. "హాఫొద్…"

ముసలి గొంతు కాదు. పడుచు గొంతూ కాదు. మాటలు రాని మనిషికి ఎవరో ఆ రెండు మాటలే నేర్పితే అప్పజెప్పినట్టు ఉంది.

కిటికీలోంచి చెయ్యి వచ్చింది. పెద్ద చెయ్యి. ఎదిగిన ఆడమనిషి చెయ్యి. తెల్లగా, ఉబ్బి, మెత్తగా, మణికట్టు దగ్గర మడతలు పడి… పిడికిలి మూసి ఉంది. పుట్టిన బిడ్డ మూసుకున్నట్టు, బొటనవేలు లోపలికి పెట్టుకుని.

ప్యూ గారు అలవాటుగా ఆ పిడికిలి విప్పాడు. వేలికి సిరా అద్దాడు. పుస్తకానికి నొక్కాడు. తలెత్తలేదు. 'వచ్చింది, చూశాను' అని రాశాడు.

చెయ్యి వెనక్కి పోలేదు. గాల్లో తడుముకుంది. మెరెరిడ్ చూపుడువేలు దొరికింది.

పట్టుకుంది.

పసిపిల్లలు పట్టుకుంటారే, అలా. గట్టిగా. చల్లగా.

"ప్యూ గారూ… వదలడం లేదు…"

"కాస్త సేపు పడుతుంది," అన్నాడు ఆయన అద్దుడు కాగితం వెతుక్కుంటూ. "ఏటా అంతే. నా వేలు పట్టుకుంటుంది. ముసలివాళ్లు కదా."

ఎంతసేపో ఆమెకి తెలియదు. వేళ్లు ఒక్కొక్కటే సడలాయి. చెయ్యి చీకట్లోకి జారిపోయింది. మెరెరిడ్ తలుపు లాగింది. నడవ ఖాళీ. రాళ్ల మీద జానెడు వెడల్పు తడి చార ఒకటి, శాలువా అంచు ఈడ్చినట్టు. పాదాల గుర్తులు లేవు. నడక నేర్చిన వాళ్లకి కదా ఉండేవి.

బూట్లు చేత్తో పట్టుకుని మైలు దూరం పరుగెత్తింది. హాఫొద్ గడప మీద అదే చార. అది లోపలికి వెళ్లింది. పొయ్యి ముందున్న రాయి దగ్గర ఆగిపోయింది.

అత్త మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"ఈసారి తొందరగా వచ్చేసింది," అంది.

"ఎవరత్తా అది?"

"కౌలులో రాసిన లౌరి. నేను కాదు. నేను ఆ మరుసటి ఏడు పుట్టాను." అత్త గొంతు మామూలుగానే ఉంది. "అది రెండు నెలలు కూడా బతకలేదు. చెబితే కౌలు నుంచి ఒక ప్రాణం పోతుంది. అందుకని మీ నాయనమ్మ ఎవరికీ చెప్పలేదు. పండగనాడు పొయ్యిలో పెట్టే మొద్దు ఒకటి శాలువాలో చుట్టి, చంకనేసుకుని దివాణానికి వెళ్లింది. పిల్ల పడుకుంది, ముద్ర నేను వేస్తానని చెబుదామనుకుంది. అప్పటి గుమస్తా సిరా ముందుకు జరిపాడు."

"తర్వాత?"

"శాలువాలోంచి చెయ్యి బయటికొచ్చింది."

మెరెరిడ్ తన చూపుడువేలు గౌనుకేసి తుడుచుకుంది.

"ఇంటికొచ్చి విప్పితే మొద్దే ఉందట," అంది అత్త. "నేను పుట్టాక అదే పేరు నాకూ పెట్టింది. నన్ను తీసుకెళ్లే అవసరం ఎప్పుడూ రాలేదు. అదే వెళ్లి వస్తుంది. బతికే ఉందని రాసింది మనమే కదా."

"ఎక్కడ పాతిపెట్టింది?"

అత్త పొయ్యి ముందున్న రాయి వైపు చూసింది.

కథ ఇక్కడితో అయిపోయినట్టే. హాఫొద్ అమ్మకంలోంచి తప్పింది. పుస్తకంలో ముద్ర ఉంది కనుక స్కెల్టన్ పళ్లు నూరుకుంటూ సంతకం పెట్టాడు. జనవరిలో అత్త పోయింది. ఊరంతా సాగనంపింది. ప్రార్థనలో పాస్టరు ఆమెను సౌమ్యురాలన్నాడు. ఎవరూ నవ్వలేదు, చలికి.

మర్నాడు మెరెరిడ్ ఇంటి తాళంచెవి తీసుకెళ్లి స్కెల్టన్ బల్ల మీద పెట్టింది. తనకి ఆ ఇల్లు వద్దంది. స్కెల్టన్ సంతోషంగా చెయ్యి చాచాడు. ప్యూ గారు దగ్గాడు. చర్చి సమాధుల పుస్తకం తెచ్చి చూపించాడు. నిన్న పాతిపెట్టిన లౌరి పుట్టింది ముప్ఫై ఒకటిలో. కౌలులో ఉన్న లౌరి ముప్ఫైలో పుట్టింది. ఆ మూడో ప్రాణం మొన్న పండగకి వచ్చింది, తాను చూశాడు. ఆమె బతికుండగా, ఆమె ఒప్పుకోకుండా, హాఫొద్ వదులుకోవడం కుదరదు. అమ్మడమూ కుదరదు. ఆమెను తీసుకొచ్చి చెప్పించమన్నాడు.

స్కెల్టన్ తాళంచెవి తీసుకోలేదు. మెరెరిడ్ ఇప్పటికీ అక్కడే ఉంటోంది. రాయి తుడవడం మానేసింది.

మరుసటి థామస్ పండగకి ఆమె దివాణం ఛాయలకి వెళ్లలేదు. ప్యూ గారే దారిలో కనిపించి, పుస్తకం పాడవుతోందని విసుక్కున్నాడు. హాఫొద్ వాళ్లకి ఒక ముద్ర వేసే చోటే ఉంటుందని తెలియదా అన్నాడు. ఈసారి రెండు పడ్డాయట, పక్కపక్కనే. ఒకదానికి గీతలు లేవు. రెండోదానికి ఉన్నాయి. అడ్డంగా ఒక గాటు కూడా ఉంది.