నా వైపు తిరిగి చెప్పు

ఉదయం ఏడున్నరకల్లా ఆమె బాక్సులు సర్ది, పొయ్యి గట్టు తుడిచి, ఆఫీసు బ్యాగు గుమ్మం దగ్గర పెట్టుకుంది. ఆరేళ్ళ కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆమె వినికిడిని కూడా పట్టుకుపోయింది. అప్పటినుంచి ఎదుటివారి పెదవుల కదలికే ఆమెకు మాట. ఎదురుగా ఉండి నిదానంగా చెబితే అందుతుంది. పక్కకి తిరిగితే అంతే సంగతులు.

ఆమె పనిచేసేది ఓ పెద్ద ఆర్థిక సంస్థలో, బీమా క్లెయిములు పరిశీలించే విభాగంలో. కాగితాల్లో ఎక్కడ మెలిక ఉన్నా ఆమె కన్ను దాటిపోదని పేరు. రెండు నెలలుగా అక్కడ లిఫ్టు పక్కన ఆమె నిలువెత్తు ఫొటో ఉంది, కింద 'ఇక్కడ అందరికీ చోటుంది' అని. కూతురు దాన్ని స్నేహితులందరికీ పంపుకుంది. ఆ రోజు వార్షిక సభలో ఆమె మాట్లాడాలి. ఏం మాట్లాడాలో మేనేజరే రాసిచ్చింది.

సభకు ముందు విభాగం మీటింగు జరిగింది. అందరూ తెర వైపు తిరిగి, ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. మాటలు అక్షరాలై తెర మీద కనిపించే ఏర్పాటు చేయమని ఆమె రెండేళ్ళుగా అడుగుతోంది. చూద్దామంటారు. భోజనాల వేళ ఆమె కూర్చున్న బల్ల దగ్గర మూడు కుర్చీలూ ఖాళీయే. ఆమె మీద ఎవరికీ కోపం లేదు. అంత నిదానంగా మాట్లాడే తీరిక లేదు, అంతే.

వేదిక ఎక్కి కాగితం విప్పింది. 'ఇక్కడ నేనెన్నడూ ఒంటరిగా లేను' అన్న మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది.

"ఇది నేను రాసింది కాదండీ," అని కాగితం మైకు పక్కన పెట్టి దిగిపోయింది.

ఆమె ఇల్లు చేరేసరికే భర్తకు మేనేజరు ఫోన్ చేసి చెప్పేసింది. ఇంత గౌరవమిస్తే నలుగురిలో అలా చేస్తారా అని ఆయన ఎదురుగా నిలబడి అడిగాడు. తన స్నేహితులకేం చెప్పాలని కూతురు చిన్నబుచ్చుకుంది.

"అక్కడ నా ఫొటోకి చోటుంది. నాకు లేదు," అంది ఆమె.

భర్త విసుగ్గా కూతురి వైపు తిరిగి ఏదో గొణిగాడు. సగం ముఖమే కనిపించినా 'వచ్చే నెల', 'వెళ్ళిపోతే' అన్న మాటలు ఆమెకు దొరికాయి.

"ఎవరు వెళ్ళిపోతున్నారు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కూతురు మెల్లగా ముందుకొచ్చింది.

"నేనే. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందని మూడు వారాల కిందటే చెప్పానుగా అమ్మా, అన్నం తింటున్నప్పుడు. నువ్వు తలూపావు కూడా."

ఆమె కుర్చీలో కూలబడింది. "అర్థం కానప్పుడల్లా తలూపుతానే. మళ్ళీ మళ్ళీ అడిగితే విసుక్కుంటారని."

ఆరేళ్ళలో ఎన్నిసార్లు ఆ తల ఊగిందో, వాటిలో ఎన్ని నిజమో ఆలోచించేసరికి కూతురి కళ్ళు నిండిపోయాయి. భర్త తల దించుకుని వెళ్ళి దీపం వేశాడు, వెలుగు ముగ్గురి ముఖాల మీదా పడేలా. కూతురు కుర్చీ లాక్కుని, అమ్మ మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి కూర్చుని, ఏ ఉద్యోగమో, ఏ ఊరో, ఎప్పుడు వెళ్ళాలో మొదటినుంచి చెప్పసాగింది. ఏడుస్తుంటే పెదవులు వణికి మాటలు చెదిరిపోతున్నాయి.

అలవాటుగా ఊగబోయిన తలను ఆమె ఆపుకుంది.

"అర్థం కాలేదమ్మా. మళ్ళీ చెప్పు."

కూతురు కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెప్పింది.