స్తంభాన్ని రాసుకున్న బంతి

ఆటనుంచి వచ్చిన ఫ్లిన్ బూట్ల మట్టితోనే గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. గంట గడిచింది. పదమూడేళ్ల పిల్లవాడు, ఆకలికి ఐదు నిమిషాలు ఆగలేనివాడు... ఉలుకూ లేదు, పలుకూ లేదు. జోలీన్ తలుపుకు చెవి ఆనించి నిలబడింది. చప్పుడు లేకపోతే ఏమైపోయాడోనని భయం, వినిపిస్తే ఏడుస్తున్నాడేమోనని భయం. కొడుకు ఇక తనతో మాట్లాడడని ఆమె మనసులో ఖాయం చేసేసుకుంది.

విక్టోరియాలో గోధుమ చేల మధ్య ఉన్న ఆ చిన్న ఊరి క్లబ్బులో పిల్లల ఆటకు కావలసిన పనులన్నీ తల్లిదండ్రులే పంచుకుంటారు. ఒకరు నారింజలు కోస్తారు, ఒకరు సాసేజ్‌లు కాలుస్తారు. పొయ్యి దగ్గర నిలబడితే ఎవరికో చెయ్యి కాలుతుందని, నీళ్లు మోస్తే పిల్లల కాళ్లకు అడ్డం పడతానని భయపడి, రెండేళ్ల క్రితం జోలీన్, స్తంభాల దగ్గర నిలబడి పాయింట్లు తేల్చే గోల్ అంపైర్ తెల్లకోటు వేసుకుంది. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో గోల్‌కు నాలుగు స్తంభాలు. నడిమి రెండింటి మధ్యనుంచి బంతి దేనికీ తగలకుండా వెళితే ఆరు పాయింట్లు. ఆ స్తంభాన్ని రాసుకుందా, ఒక్కటే.

ఆ రోజు ఫైనల్. పిల్లలు చాలక వచ్చే ఏడు ఈ క్లబ్బును పక్క ఊరి క్లబ్బులో కలిపేస్తున్నారు, అంటే సొంత పేరుతో ఇదే ఆఖరి ఆట. మామగారు మెర్వ్ అయితే కప్పు పెట్టడానికి గోడకు బల్ల కూడా బిగించేశాడు. మూడు పాయింట్లు వెనకబడి ఉండగా ఫ్లిన్ గాల్లోకి ఎగిరి బంతిని చేత్తో పట్టుకున్నాడు. అంతలో ఆట ముగిసినట్టు సైరన్ మోగింది. అయినా అలా పట్టుకున్నవాడికి ఆఖరి తన్ను హక్కు. వాడు తన్నిన బంతి కుడి స్తంభాన్ని గోరంత రాసుకుని లోపలికి పోయింది. మనవాళ్లంతా గంతులేశారు. జోలీన్‌కు మాత్రం టక్కుమన్న చప్పుడు వినిపించింది. మామగారు, కొడుకు, ఆ కప్పు... అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అరచేత్తో స్తంభాన్ని తట్టి, ఒక్క వేలు చూపింది.

రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

అక్కడితో ఆగినా బాగుండేది. చేతిలోని అంపైర్ జెండా పడేసి పరుగెత్తి, అందరి ముందూ కొడుకును వాటేసుకుని, క్షమించు నాన్నా, క్షమించు అంటూ ఏడ్చింది. వాడు విదిలించుకుని వెళ్లిపోయాడు. కన్నతల్లే ఇంత పని చేస్తే ఇక అవతలి జట్టుకు వేరే అంపైర్ దేనికని క్యాంటీన్ చూసుకునే షరీన్ నలుగురూ వినేలా అంది. భర్త బ్రెంట్ విని కూడా తల దించుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. ఫ్లిన్ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, బంతి తగిలిందా, లేదా?"

"తగిలింది నాన్నా."

"నాకూ తెలుసు. తన్నినప్పుడే వంకర పోయింది."

"మరి నా మీద కోపం..."

"క్షమించమని ఎందుకు అడిగావు? తప్పు చేసినవాళ్లు కదా అడిగేది! నువ్వలా ఏడ్చేసరికి నువ్వు చూపింది తప్పే అనుకుంటున్నారు అందరూ. క్లబ్బులో తాతయ్య ఒక్కడే నీ కోసం పోట్లాడుతున్నాడంట. ఇప్పుడే ఫోన్‌లో మా వాళ్లు చెప్పారు."

జోలీన్ గోడకు ఆనుకుంది. టీ చల్లారితే క్షమించండి, వాన వస్తే క్షమించండి, ఎవరైనా తన కాలు తొక్కినా తనే క్షమించండి... ఇన్నేళ్లూ అదే అలవాటు. దెబ్బలాట రాకుండా అది కాపాడుతుందనుకుంది. ఇవాళ కళ్లారా చూసిన నిజాన్ని ఆ ఒక్క మాటే అబద్ధం చేసేసింది.

కోటు కూడా విప్పకుండా కారు తాళాలు తీసుకుంది. ఫ్లిన్ వెంట నడిచాడు.

క్లబ్బు గదిలో అందరూ తింటున్నారు. మెర్వ్ నిలబడి ఉన్నాడు, ముఖం కందిపోయి. వాళ్లను చూసి అందరూ తలలు తిప్పారు.

"ఏం జోలీన్, ఇంకా ఏడుపు మిగిలిందా?" అంది షరీన్.

క్షమించండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. జోలీన్ మింగేసింది.

"బంతి స్తంభానికి తగిలింది. నేను చూశాను, విన్నాను. మళ్లీ అడిగినా అదే వేలు చూపిస్తాను."

"తగిలింది," అన్నాడు ఫ్లిన్. "తన్నినవాణ్ని నేను."

మెర్వ్ కూర్చుని, "అమ్మాయి పొద్దుటినుంచి నిలబడే ఉంది," అన్నాడు కొడుకు వైపు చూసి. బ్రెంట్ లేచి తన కుర్చీ భార్యకు ఇచ్చాడు. ఆమె భుజం మీద చెయ్యి వేసి, అలాగే ఉంచాడు.

షరీన్ మాంసం కూరి కాల్చిన వేడి 'పై' ఒకటి తెచ్చి ఎదురుగా పెట్టింది. టొమాటో సాస్ సరిపోయిందా అని ముభావంగా అడిగింది.

"సరిపోలేదు," అంది జోలీన్. "ఇంకొంచెం వెయ్యి."