మూడొందల వాట్ల గొంతు

గిలకలదిండి రేవు దాటి ఏటిగట్టున ఒక మైలు నడిస్తే పాడుబడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటి కనపడుతుంది. పైకప్పు సగం ఎగిరిపోయింది. పొద్దు వాలాక ఆ గట్టు మీద ఎవరూ నడవరు. ఒకప్పుడు అక్కడి వాచ్‌మన్ ఐసు తొట్టిలో పడి చచ్చిపోయాడనీ, రాత్రిళ్ళు లోపల్నుంచి చలికి పళ్ళు కొట్టుకునే చప్పుడు వస్తుందనీ చెప్తారు. వేటకెళ్ళేవాళ్ళు కూడా ఆ గోడ పక్కన పడవ ఆపరు.

నేను నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడు నమ్ముతున్నానా అంటే... చెప్పలేను.

ఈ సంగతి నాకు చెప్పింది చాంద్ బాషా గారు. బందరులో నలభై ఏళ్ళుగా ఆంప్లిఫయర్లు తయారుచేస్తున్న మనిషి. వైరునీ ఓల్టేజినీ తప్ప మూడోదాన్ని నమ్మరు. చెప్తున్నంతసేపూ ఆయన చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది.

పోయినేడు వానలు మొదలయ్యే ముందు ఆయన కొట్టుకి పున్నారావు వచ్చాడు. రెండు బోట్లకి ఓనరు. ఏటి పక్కన రొయ్యల చెరువులున్నాయి. డ్రైవరూ తనూ చెరోపక్కా పట్టుకుని కార్లోంచి రెండు స్పీకర్లు దించారు. చూడ్డానికి చిన్న పెట్టెలే. బరువు మాత్రం బియ్యం బస్తాలంత.

"ఇవి పలకడం లేదండీ," అన్నాడు పున్నారావు. "ఇంట్లో ఉన్న ఆంప్లిఫయరుకి పెడితే గొణుగుతున్నాయి. పూర్తిగా తిప్పితే గొంతు చీలిపోతోంది."

బాషా గారు పెట్టెని వేలితో తట్టి చూశారు. అన్నివైపులా బిగించిన గట్టి చెక్క. లోపల బరువైన కోను.

"ఎన్ని వాట్లది మీ ఆంప్లిఫయరు?"

"పాతిక."

"అదీ సంగతి. ఇవి మంచి సరుకేనండీ, కానీ మొండివి. ఎంత కరెంటిచ్చినా తాగుతాయి, గట్టిగా మాత్రం పలకవు. పాతిక వాట్లు వీటికి ఏ మూలకి? మీరేమో తిప్పుతూ పోతారు. ఆంప్లిఫయరు తన శక్తికి మించి అరుస్తుంది. అప్పుడే గొంతు చీలేది."

"అయితే యాభై వాట్లది పెడితే సరిపోతుందా?"

"ఊహూఁ. వాట్లు రెండింతలు చేస్తే చెవికి తెలిసేది కాస్తే. రెండింతలు వినపడాలంటే పదింతలు ఇవ్వాలి. ఇంతకీ ఎంత దూరం వినపడాలి?"

"ఒక... ఏటి వెడల్పంత."

"ఆరుబయటా! అలాంటప్పుడు ఈ పెట్టెలెందుకండీ? మైకుసెట్టు వాళ్ళ దగ్గర ఇనప హారను తెచ్చుకోండి. పాతిక వాట్లకే ఊరంతా వినపడుతుంది."

పున్నారావు తల అడ్డంగా ఊపాడు.

"హారన్లో మనిషి మనిషిలా ఉండడండీ. మైకులా ఉంటాడు. నాకు... మనిషి కావాలి."

బాషా గారు లోపల్నుంచి మూడొందల వాట్లది తెచ్చారు. తన చేత్తో చేసింది. పున్నారావు ఫోనుకి వైరు తగిలించి ఏదో నొక్కాడు.

"అంకమ్మా... నేనే. వచ్చేస్తున్నా. ఒళ్ళంతా తడిసిపోయింది. తువ్వాలు తీసి పెట్టు..."

మాట వెనక ఊపిరి కూడా వినపడింది. లోపల్నుంచి బాషా గారి భార్య ఆమినా బీ కొంగు సర్దుకుంటూ తొంగిచూసింది. "ఎవరో వచ్చారనుకున్నాను," అంది, కొట్టంతా వెతుకుతూ.

బాషా గారు పొంగిపోయారు.

"ఎవరండీ ఆ గొంతు?"

"తమ్ముడిలాంటివాడు. పోయాడు," అన్నాడు పున్నారావు.

పాపం అనిపించి, ఆయన స్పీకర్లకి మందపాటి వైరు కూడా తనే వేసిచ్చారు.

ఆయనకి అప్పుడు తెలియంది ఏమిటంటే—

గణపతి పున్నారావు బోటు మీద పనిచేసేవాడు. అంతకు రెండేళ్ళ ముందు తుఫానులో బోటు మునిగింది. మిగతావాళ్ళు శవాలుగానైనా తేలారు. గణపతి తేలలేదు. అతని భార్య అంకమ్మ ఐసు ఫ్యాక్టరీకి ఎదురుగా, ఏటికి అవతలి గట్టున పాకలో ఒంటరిగా ఉండేది. పున్నారావు చెరువులకి ఉప్పునీటి కాలవ తవ్వాలంటే ఆ పాక మీదుగానే తవ్వాలి. బతిమాలాడు. బెదిరించాడు. ఆమెది ఒకటే మాట.

"శవాన్ని చూపించండి బాబుగారూ. ఆరోజే మా అన్న దగ్గరికి వెళ్ళిపోతాను. ఆయనొచ్చి పాక లేదని వెనక్కి తిరిగితే నేనేం కావాలి?"

చూపించడానికి శవం లేదు. అందుకని పున్నారావు దెయ్యాన్ని చూపిద్దామనుకున్నాడు.

అంకమ్మకి ఫోను ఉండేది కాదు. గణపతి బోటు మీదనుంచి సిగ్నల్ అందినప్పుడల్లా పున్నారావు ఫోనుకి మాట పంపేవాడు, ఆమెకి వినిపించమని. చివరిది బోటు మునిగిన సాయంత్రం వచ్చింది. పున్నారావు దాన్ని ఆమెకి వినిపించలేదు. మొదట మర్చిపోయాడు. తర్వాత దాచుకున్నాడు.

ఐసు ఫ్యాక్టరీలోంచి చచ్చినవాడు పిలిస్తే, మొగుడు చచ్చాడని ఆమె నమ్ముతుంది. భయపడి ఆ రాత్రే గట్టు వదిలి పారిపోతుంది. అదీ అతని లెక్క. పాతిక వాట్లతో రెండుసార్లు చూశాడు. మొదటిసారి గాలికే పోయింది. రెండోసారి పూర్తిగా తిప్పితే గరగరమంది. "రాత్రి ఎక్కడో మైకు పెట్టారండీ," అంది ఆమె పొద్దున్నే. అందుకే బందరు వచ్చాడు.

అమావాస్య రాత్రి. గాలి లేదు. సముద్రం పోటు మీదుంది, ఏరు రెండు గట్లూ ఒరుసుకుంటోంది. ఐసు తొట్టి గదిలో ఇన్వర్టరు పెట్టుకుని, స్పీకర్లు రెండూ కిటికీకి ఆనించి, పున్నారావు ఒక్కడే కూర్చున్నాడు.

నొక్కాడు.

"అంకమ్మా... నేనే..."

ఆ గొంతు నీళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళినట్టు వెళ్ళింది. అతనికే ఒళ్ళు జలదరించింది.

అవతల తలుపు తెరుచుకుంది. లాంతరు వెలుతురు గట్టు మీదికొచ్చింది.

కేక వినపడుతుందని ఎదురుచూశాడు. రాలేదు. దాని బదులు... నవ్వు. ఏడుపు కలిసిన నవ్వు.

"వస్తున్నా! ఉండు, అక్కడే ఉండు!"

భుజాన తువ్వాలుంది. లాంతరు పైకెత్తి పట్టుకుని గట్టు దిగుతోంది.

పారిపోవాల్సిన మనిషి ఎదురొస్తుంటే అతనికి ఏం చెయ్యాలో తోచలేదు. నీళ్ళ దగ్గర ఆగుతుందిలే అనుకున్నాడు. ఇంకా భయపడలేదేమో అనుకున్నాడు.

ఇంకోసారి నొక్కాడు.

లాంతరు కిందికి జరిగింది. మోకాలి లోతు... ఇంకా జరిగింది. నడుము లోతు.

అప్పుడు ఇన్వర్టరు నుంచి కరెంటు వైరు పీకేశాడు. కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచాడు.

"అంకమ్మా! ఆగు! నేను పున్నారావుని! గణపతి లేడు ఇక్కడ, ఆగు!"

వినపడలేదు. మూడొందల వాట్లు దాటిన ఏరుని అతని గొంతు దాటలేకపోయింది.

అతనికి ఈత వచ్చు. ఆ ఏట్లోనే నేర్చుకున్నాడు. అయినా దిగలేదు. దిగితే, ఆ వేళప్పుడు తను అక్కడెందుకున్నాడో చెప్పాల్సి వస్తుంది.

లాంతరు ఆరిపోయింది.

మూడోరోజున అంకమ్మ, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తేలింది. ఐసు ఫ్యాక్టరీలో దెయ్యమే లాక్కుందన్నారు అందరూ. దహనం పున్నారావే దగ్గరుండి జరిపించాడు. నెల తిరక్కముందే పాక పడిపోయింది. కాలవ తవ్వారు. నీళ్ళొచ్చాయి.

ఇదంతా బాషా గారికి పున్నారావే చెప్పాడు. దసరా వెళ్ళాక ఒకరోజు కొట్టు మూసేవేళ గోనెసంచిలో ఆంప్లిఫయరుతో వచ్చాడు. మనిషి సగమయ్యాడు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు. బల్ల మీద దాన్ని పెట్టి, మొదట్నుంచీ చెప్పాడు. ఒక్కటీ దాచలేదు.

వింటూ బాషా గారు ఆంప్లిఫయరు వంకే చూశారు. మందపాటి వైరు వేసిచ్చింది తనే. వాట్లు లెక్కగట్టింది తనే.

"నా దగ్గరికెందుకొచ్చారు? పోలీసుల దగ్గరికి వెళ్ళండి," అన్నారు.

"వెళ్తాను. ముందు మీరు ఇది విప్పి చూడండి. ఇందులో తేడా ఉందని చెప్పండి చాలు."

"ఏం తేడా?"

పున్నారావు పెదాలు తడుపుకున్నాడు.

"వైరు పీకాక కూడా... పలికింది."

బాషా గారు మూత విప్పారు. ఒక్కో భాగం మీటరు పెట్టి చూశారు. అంతా సవ్యంగానే ఉంది. చివరికి లోపల డబ్బాల్లా ఉన్నవాటిని చూపించారు.

"ఇవి కెపాసిటర్లు. కరెంటు తీసేసినా వీటిలో కొంత నిలవుంటుంది. అది అయిపోయేదాకా పెద్ద ఆంప్లిఫయరు పలుకుతూనే ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు."

పున్నారావు కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు. స్టూలు మీద కూలబడ్డాడు. ఎన్నాళ్ళకో నవ్వినట్టు నవ్వాడు.

"అంతేనా... అదే అయ్యుంటుంది. నిద్రలేక చస్తున్నానండీ, ఇన్నాళ్ళూ." స్టూలు ముందుకి జరుపుకుని అడిగాడు. "ఎంతసేపు పలుకుతుందండీ అలా?"

"నాలుగు సెకన్లు. మహా అయితే ఐదు."

నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. కళ్ళు మాత్రం మారిపోయాయి.

"మీకెంతసేపు వినపడింది?" అన్నారు బాషా గారు. అడగకుండా ఉండాల్సింది అని తర్వాత ఆయనే నాతో అన్నారు.

"లాంతరు ఆరేదాకా."

కొట్లో ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఎవరో షట్టరు దించారు.

"అదే మాటా? తువ్వాలు తెమ్మనే మాటేనా?"

పున్నారావు తల ఊపాడు, కాదని. బల్ల మీదికి వంగి, ఎవరైనా వింటారేమో అన్నంత మెల్లగా చెప్పాడు.

"గణపతి గొంతేనండీ. కానీ ఆ మాట నా ఫోన్లో లేదు. 'లోతు లేదు... రా,' అంటున్నాడు. 'ఇంకా రా... ఇంకా...'"