ఇరవై అయిదు వరసల క్యూబ్

భోజనాల గంట కొట్టి ఇరవై నిమిషాలయింది. కంప్యూటర్ గదిలో ఉడత మౌస్ వదిలేసి, కుర్చీలో వెనక్కి వాలింది.

స్క్రీన్ మీద క్యూబ్ నిగనిగలాడుతోంది. ఒక పక్కంతా ఎరుపు, ఇంకో పక్కంతా నీలం, పైనంతా పసుపు.

ఉడత అసలు పేరు వేరే. వేళ్లు ఒక్క క్షణం కుదురుగా ఉండవని ఇంట్లోనూ బడిలోనూ అందరూ అలాగే పిలుస్తారు. ఒక్కో పక్కకు ఒక్కో రంగు వచ్చేలా చేత్తో తిప్పే మూడు వరసల క్యూబ్ తనకు నిమిషం పని. అందుకే కంప్యూటర్ క్యూబ్ మీద పడింది. ఇందులో ఎన్ని వరసలు కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు.

'ఈ స్క్రీన్ మీద పదిహేను వరసలు దాటితే గడులు సరిగ్గా కనిపించవు' అని ప్రోగ్రామ్ మొదటిరోజే చెప్పింది. ఉడత వింటేగా! ఇరవై అయిదు పెట్టింది. గడులు ఆవగింజలంత అయిపోయాయి. మూడు వారాలుగా భోజనం గబగబా ముగించి వచ్చి, వాటితోనే కుస్తీ పడుతోంది.

"అయిపోయిందా?" పక్క కుర్చీలోంచి రేడియో అడిగింది. ఉడత ప్రాణ స్నేహితురాలు. ఏ మాటా కడుపులో దాచుకోలేదు కాబట్టి ఆ పేరు.

"అయినట్టే ఉంది..."

"అయిపోయిందోచ్!" రేడియో అప్పటికే గుమ్మం దాటేసింది.

అప్పుడు చూసింది ఉడత. క్యూబ్ పూర్తయితే స్క్రీన్ అడుగున ఉన్న గడియారం ఆగిపోవాలి. అది ఆగలేదు. సెకన్లు పరిగెడుతూనే ఉన్నాయి.

అంటే ఎక్కడో ఏదో గడి తప్పు రంగులో ఉంది. ఎక్కడ? క్యూబ్‌ని అటూ ఇటూ తిప్పింది. ముక్కు స్క్రీన్‌కి తగిలేంత దగ్గరగా వంగింది. ఆ పాత స్క్రీన్ మీద తెలుపు కూడా లేత పసుపులాగే ఉంది. కళ్లు మండాయి కానీ గడి దొరకలేదు.

ఈలోగా గుమ్మం దగ్గర పదిమంది పోగయ్యారు. వాళ్లను తోసుకుంటూ కంప్యూటర్ టీచర్ లోపలికి వస్తున్నారు.

'ఇంకా కాలేదు' అని చెప్పాలనే ఉడత అనుకుంది. కానీ అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. చెయ్యి దానంతటదే మౌస్ పట్టుకుని విండోను కొంచెం కిందికి జరిపింది. గడియారం కనపడకుండా పోయింది.

"నిజంగా ఇరవై అయిదు వరసలూ చేసేశావా?" టీచర్ వంగి చూశారు.

"చేసేశాను టీచర్."

"భలేదానివే! శుక్రవారం అసెంబ్లీలో పెద్ద తెర మీద చూపిద్దాం. సేవ్ చేసి ఉంచు."

పెద్ద తెర! హాల్లో ఉన్న ఆ తెర గోడంత ఉంటుంది. ఆవగింజ అక్కడ అరచేయంత అవుతుంది.

బుధవారం, గురువారం రెండు రోజులూ ఉడత ఒక్కతే కంప్యూటర్ గదిలో కూర్చుని వెతికింది. పెద్దది చేసి చూద్దామంటే ఆ ప్రోగ్రామ్‌లో కుదరదు. గడులు లెక్కపెడితే సగంలోనే తప్పిపోయింది. బయట వరండాలో రేడియో చిన్న క్లాసుల పిల్లలకు చెబుతున్న మాటలు కిటికీలోంచి వినపడుతూనే ఉన్నాయి. "నా కళ్ల ముందే చేసింది. నేనే ముందు చూశాను!"

గురువారం రాత్రి నాన్న భోజనం ముందు కూర్చుని ఒకటే నవ్వు. ఆయన బ్యానర్లు ప్రింట్ చేస్తారు.

"ఇవాళ మా షాపులో పెద్ద తమాషా. 'కంటి వైద్యం' బ్యానర్‌లో సున్నా ఎగిరిపోయింది. 'కటి వైద్యం' అని పడింది!"

"కటి అంటే?" అడిగింది ఉడత.

"నడుము!" అమ్మ పకపకా నవ్వింది. "ముందే చూసుకోవద్దూ?"

"కంప్యూటర్‌లో చిన్నగా ఉన్నప్పుడు ఎవరికీ కనపడలేదు. పదిహేను అడుగుల బ్యానర్ కట్టాక వీధి చివరి నుంచే కనపడింది. మేం దింపేలోగా సగం ఊరు ఫోటోలు తీసుకుంది."

ఉడత ముద్ద కలుపుతూనే ఉంది, నోట్లో పెట్టుకోలేదు.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అమ్మ నుదుటి మీద చెయ్యి వేసింది.

"బాగానే ఉంది." అవునని ఉంటే రేపు బడి తప్పేది. కానీ ఇంకో అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

శుక్రవారం ఉడత అందరికంటే ముందే బడికి వెళ్లింది. హాల్లో కంప్యూటర్ టీచర్ స్టూలెక్కి వైర్లు తగిలిస్తున్నారు. ఉడత గుమ్మం దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది.

"టీచర్, అది అవలేదు."

"ఏది?"

"క్యూబ్. గడియారం ఆగలేదు. మీకు కనపడకుండా నేనే విండోని కిందికి జరిపాను." మాటలన్నీ ఒక్క ఊపిరిలో వచ్చేశాయి.

టీచర్ స్టూలు దిగారు. చేతిలోని వైరు పక్కన పెట్టారు.

"అయితే ఇప్పుడేం చేద్దాం?" అన్నారు. "వేరే ఏదైనా చూపించమంటావా?"

ఉడత ఖాళీ తెర వైపు చూసింది. "వద్దు టీచర్. అదే పెట్టండి. నేను చెప్తాను."

హాలు నిండింది. తెర మీద క్యూబ్ వెలిగింది. కింద గడియారం పరిగెడుతోంది. ఉడత మైకు ముందుకు వచ్చింది.

"ఇది... ఇది పూర్తవలేదు. అయిందని నేను అబద్ధం చెప్పాను. తప్పు ఎక్కడుందో చిన్న స్క్రీన్ మీద నాకు దొరకలేదు. ఇక్కడ మీకెవరికైనా కనిపిస్తోందా?"

వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. రేడియో తల దించుకుంది. ఉడత మెల్లగా క్యూబ్‌ని తిప్పింది.

"అక్కా! అదుగో, పసుపులో తెల్లది!" ముందు వరసలోని ఓ బుజ్జిపాప లేచి నిలబడి అరిచింది.

నిజమే! కుడి మూలకు దగ్గర్లో ఒకే ఒక్క తెల్ల గడి. వెనక్కి తిప్పితే తెలుపు మధ్యలో దాని జోడీ, ఒక పసుపు గడి. ఉడత తిప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఒక తిప్పు తప్పింది. వెనక్కి వెళ్లి మళ్లీ తిప్పింది. గడియారం టక్కున ఆగింది. హాలంతా చప్పట్లు. రేడియో మాత్రం కొట్టలేదు.

"నా మాట ఇంకెవరు నమ్ముతారే?" క్లాసుకు వెళ్తూ దారిలో రేడియో అంది.

"నాదే తప్పు. నువ్వు అరిచినప్పుడే ఆపాల్సింది," అంది ఉడత. రేడియో విసవిసా ముందుకు నడిచింది.

ఆఖరి పీరియడ్ లెక్కలు. ఇంటి గంటకు ఇంకా అయిదు నిమిషాలుంది.

"అందరివీ అయిపోయాయా?" లెక్కల టీచర్ అడిగారు.

"అయిపోయాయి!" క్లాసంతా ఒకే గొంతుతో అరిచింది. పుస్తకాలు టపటపా మూసుకున్నాయి.

ఉడత చెయ్యెత్తింది. "నావి కాలేదు టీచర్. ఇంకా రెండున్నాయి."

పక్కన రేడియో ఒక్కసారి ఉడత వైపు చూసింది. తర్వాత సంచిలో పెట్టేసిన పుస్తకం మళ్లీ బయటికి తీసింది.

"నాకూ ఒకటుంది టీచర్," అని, పెన్సిల్ కోసం ఉడత డబ్బాలో చెయ్యి పెట్టింది.