పెండ్లి సీడీలో పాట

పొద్దున్నే అల్లుడి కారు చేవెళ్ల రోడ్డు దిగి సురంగల్‌లోకి వచ్చేసరికి, కృష్ణమ్మ కోడికూర పొయ్యి మీద పెట్టింది. పెద్దకూతురు మమత పుట్టింటికి వచ్చి నెల దాటింది. ఈ రోజు ఎలాగైనా నాగేందర్‌తో పంపించాలని తండ్రి నర్సింహులు పట్టుదల.

“పెండ్లి సీడీ ఏస్త. చూస్తే ఇద్దరి మనసులు కరుగుతయి,” అంటూ ఆయన టీవీ పెట్టాడు.

అప్పగింతల దగ్గర ఫొటోగ్రాఫర్ ఏదో విదేశీ పాట కలిపాడు. తెరమీద మమత తల్లిని పట్టుకుని ఏడుస్తోంది. వెనకాల ఒక ఆడగొంతు తీయగా సాగుతోంది. రెండేళ్లుగా చుట్టాలందరూ మెచ్చుకున్న పాట అది.

“ఏం పాటనో గని మస్తుంటది మామా,” అన్నాడు నాగేందర్ కాలు మీద కాలేసుకుని. “ఏం మరదలా, హైటెక్ సిటీల నువ్వు ఫోన్లల్ల మాట్లాడేది గీ స్పానిషే గద? అర్థం చెప్పరాదు.”

చిన్నకూతురు పూర్ణిమ తల వంచుకుంది. ఆ భాష నేర్చుకుని కాల్ సెంటర్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. పాట అర్థమై ఆరు నెలలైనా ఎవరికీ చెప్పలేదు.

“వద్దు బావా.”

“గంత సిగ్గా? ముద్దుల పాటనా ఏంది?”

పూర్ణిమ అక్క వైపు చూసింది. కనుబొమ్మ మీద కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. ఒక్కసారిగా ఆమెకు ఒళ్లు మండింది.

“ఇను. ‘నువ్వు తాగిన గ్లాసు కడిగి బోర్లించిన. నీ బట్టలు వాకిట్ల పెట్టిన. తలుపు కొట్టకు. ఇంట్లనే ఉన్న, గని నీ కోసం లేను.’ గదే దానర్థం.”

చాయ్ తెస్తున్న కృష్ణమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

“పెండ్లి సీడీల గిదా? బంద్ చెయ్!” అన్నాడు నర్సింహులు.

“ఇంకా ఉన్నది బాపూ. పాడినామె పదిహేడేండ్లకే పేరు తెచ్చుకున్నది. పెండ్లయినంక మొగుడు స్టేజీ ఎక్కనియ్యలె. తొమ్మిదేండ్లు నోరు మూసుకున్నది. ఆణ్ని ఇడిసిపెట్టి ఒచ్చినంక పాడిన మొదటి పాట గిది. దీంతోనే దేశాలు తిరిగింది.”

“మొగణ్ని ఇడిసిన దాని ముచ్చట నా పెండ్లానికి నేర్పుతున్నవా?” నాగేందర్ లేచాడు. “గందుకే ఆడిపిల్లలను నౌకరీలకు తోలొద్దంటరు! మమతా, లే. బట్టలు సదురుకో.”

మమత లేవలేదు.

“మొయినాబాద్ స్కూల్ల నేను లెక్కలు చెప్తుంటె, పిల్లల ముందటనే జుట్టు పట్టి గుంజుకపోయినవ్. పిల్లలు ఏడ్సిండ్రు. నీకు చెప్తె ఏమన్నవ్ బాపూ? మొగడన్నంక ఒక దెబ్బేస్తడన్నవ్!”

“నోర్ముయ్!” నర్సింహులు చెయ్యెత్తాడు.

కృష్ణమ్మ అడ్డం వచ్చింది. “కొట్టు! ఆడొక్కడే ఎందుకు, నువ్వు గూడ కొట్టు. రెండుసార్లు పంపినవ్. ఈసారి పంపితె దానెంబడి నేను గూడ పోత. నీకు బువ్వ ఎవలు ఒండుతరో సూస్త.”

నర్సింహులు ఆ మాటలు వినడం లేదు. తన చెయ్యి లేవగానే మమత మోచేయి అడ్డం పెట్టుకుని మొహం దాచుకుంది. ఎంత అలవాటుగా దాచుకుంది! చిన్నప్పుడు ఒక్కనాడు కూడా ఆయన ఆ పిల్లను కొట్టలేదు.

చెయ్యి మెల్లగా దించాడు. “నాగేందర్, నువ్వు పో.”

“పంచాయితీ పెడత మామా!”

“పెట్టు. నేనే ఒస్త. అందరికి దాని మొకం సూపెడత.”

కారు వెళ్లిపోయింది. నర్సింహులు గడప మీద కూలబడ్డాడు. “నా చేతులతోనే తోలిన గద బిడ్డా,” అంటూ బొంగురుగా ఏడ్చాడు.

మమతకు కోపం పోలేదు. అయినా వచ్చి ఆయన పక్కన, కొంచెం ఎడంగా కూర్చుంది.