పాంతెలి మామ సూపు

బ్రయిలా ఊళ్ళో రేవు దగ్గర ఆ పాత అపార్టుమెంట్ల బ్లాకులో ఎవర్నైనా అడిగి చూడండి... కింది అంతస్తులో సోరిన్ వాళ్ళ వంటింట్లో, ఫ్రిజ్ పక్కనున్న మూల మంచిది కాదంటారు. దీపాలు పెట్టాక అటు పోవద్దంటారు. ఒకావిడైతే ఆ కిటికీ ముందు నుంచి పోయేటప్పుడు, చేతిలో కూరల సంచీ ఉంటే దాన్ని కింద పెట్టి మరీ గుండెల మీద సిలువ వేసుకుంటుంది.

నేను కళ్ళారా చూడలేదు. విన్నది చెప్తున్నాను. మధ్యలో కాస్త ఉప్పూ కారం తగిలితే మీరే సర్దుకోండి.

ఆ మూలలో ఉన్నది పుర్రె కాదు, ఎముక కాదు... మైక్రోవేవ్ ఓవెన్. నవ్వకండి. అది చచ్చిపోయినాయన ఓవెన్.

ఆయన పేరు పాంతెలి. బ్లాకులో చిన్నవాళ్ళంతా ఆయన్ని మామా అని, ఆయన భార్యని అత్తా అని పిలిచేవాళ్ళు. పై అంతస్తులో ఉండేవాడు. రేవులో క్రేను నడిపి నడిపి రిటైరయ్యాడు. చివర్లో పళ్ళన్నీ ఊడిపోయి సూపు తప్ప ఇంకేమీ దిగేది కాదు. ఆ సూపు కూడా పొగలు కక్కాలి. కాస్త గోరువెచ్చనైందో, చెంచా గోడకేసి కొట్టేవాడు. ఆ చెంచాల పోరు పడలేకే ఆయన భార్య అగ్లాయా ఆ ఓవెన్ కొన్నది.

ఆయన పోయిన నలభయ్యో రోజున అగ్లాయా ఆయన వస్తువులన్నీ బ్లాకులో వాళ్ళకి పంచింది. ఆ ఊళ్ళో ఎవరైనా చేసేదే. వస్తువు మీద కొవ్వొత్తి వెలిగించి, ఓ తువాలు చుట్టి, "ఇక్కడ మీకు, అక్కడ ఆయనకి" అని చేతిలో పెడతారు. పుచ్చుకున్నవాళ్ళు "దేవుడు చేర్చుగాక" అంటారు. ఇక అంతే. ఇక్కడ మీరా కుర్చీలో కూచుంటే అక్కడ ఆయన నడుముకి ఆసరా. ఇక్కడ మీరా దుప్పటి కప్పుకుంటే అక్కడ ఆయనకి వెచ్చన.

కుర్చీ ఒకరికి, దుప్పటి ఒకరికి, రేడియో ఒకరికి పోయాయి. ఓవెన్ మాత్రం తెచ్చి సోరిన్ చేతుల్లో పెట్టింది.

సోరిన్ బస్సు డ్రైవరు. మనిషి దుక్కలా ఉంటాడు. మంచు తుఫానులో బస్సు నడపమంటే ఈల వేసుకుంటూ నడుపుతాడు గానీ, దెయ్యం మాటెత్తితే మాత్రం పెళ్ళాం వెనకాల దాక్కుంటాడు. ఓవెన్ చూడగానే అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకంటే అతనికీ పాంతెలికీ మాటల్లేవు.

మెట్ల కింద సోరిన్ పెట్టుకున్న క్యాబేజీ ఊరగాయ పీపా కంపు కొడుతోందని పాంతెలి దాన్ని దొర్లించుకుపోయి వీధిలో నిలబెట్టాడు. సోరిన్‌కి ఒళ్ళు మండిపోయింది. బ్లాకంతా తలుపులు తీసుకుని వింటుండగా అరిచాడు... "ఒరే ముసలోడా! చల్లారిన సూపే నీకు రాసిపెట్టుంది, చూసుకో!"

ఆ తర్వాత కొన్నాళ్ళకే ముసలాయన పోయాడు.

"మాట్లాడుకోకుండానే వెళ్ళిపోయాడు మీ మామ," అంది అగ్లాయా. "ఇదన్నా మీ ఇద్దరి మధ్యా ఉండనీ నాయనా."

"దేవుడు చేర్చుగాక," అన్నాడు సోరిన్.

కొన్నాళ్ళు ఓవెన్ బాగానే పనిచేసింది. సోరిన్ భార్య మిరెల్లా పొద్దున పాలు, సాయంత్రం సూపు అందులోనే కాచేది. సోరిన్ కూడా మెల్లగా ధైర్యం తెచ్చుకున్నాడు.

అలా ఉండగా... చలికాలం, పెందరాళే పొద్దుగూకిపోయిన ఒక సాయంత్రం. మిరెల్లా పంది కొవ్వు తేలే క్యాబేజీ సూపు పింగాణీ గిన్నెలో పోసి, ఓవెన్‌లో పెట్టి, మీట నొక్కింది.

చిట్...

చిట్ చిట్...

లోపల నీలంగా ఓ మెరుపు మెరిసింది. గర్రుమని ఎవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడు. మళ్ళీ మెరుపు. కాలిన వాసన.

"అమ్మో! పాంతెలి మామ!" అని ఒక్క కేక పెట్టింది మిరెల్లా.

సోరిన్ పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకేశాడు. సూపు వేడెక్కనే లేదు... పైన కొవ్వు పేరుకుని అలాగే ఉంది. ఇద్దరూ ఓవెన్ మీద తువాలు కప్పేసి, వంటింటి దీపం ఆర్పకుండానే పడుకున్నారు. పొద్దున్నే మిరెల్లా ఆ సంగతి రొట్టెల దుకాణంలో ఒకావిడ చెవిన వేసింది. ఇంకేముంది, మధ్యాహ్నానికల్లా బ్లాకంతా గుప్పుమంది. అగ్లాయాకి తప్ప అందరికీ తెలిసిపోయింది.

"పారేద్దాం," అంది మిరెల్లా.

"మతి పోయిందా నీకు? ఇక్కడ చెత్తలో వేస్తే అక్కడ ఆయన ముందు నుంచి లాక్కున్నట్టే కదా!"

"అయితే ఇంకెవరికైనా ఇచ్చేద్దాం."

"పుచ్చుకున్నది మనం. చేర్చాల్సిందీ మనమే."

"కొత్తది కొను మరి."

"కొత్తదాని మీద ఆయన పేరున కొవ్వొత్తి వెలిగించారా? అది మనకి వేడెక్కుతుంది, ఆయనకి కాదు."

వాడలేరు, పారేయలేరు, ఇవ్వలేరు. ఓవెన్ తువాలు కప్పుకుని ఆ మూలలోనే కూచుంది. సోరిన్ మంచినీళ్ళు కావాలంటే స్నానాల గదిలో కొళాయి దగ్గర తాగేవాడు గానీ వంటింట్లోకి పోయేవాడు కాదు.

ఇంతలో అగ్లాయా వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"సోరిన్... నిజం చెప్పు నాయనా. ఆ ఓవెన్ పనిచేస్తోందా?"

"భేషుగ్గా పనిచేస్తోందత్తా!" అని నోరు జారేశాడు సోరిన్.

"మరి అదేమిటో... రోజూ కలలోకి వస్తున్నాడు. చీకట్లో కంచం ముందు కూచుని చెంచా తిప్పుతూ, 'అగ్లాయా, సూపు చల్లగా ఉందే' అంటున్నాడు. నేనే ఏదో సరిగ్గా చేయలేదు కాబోలు." ముసలావిడ కళ్ళు తుడుచుకుంది. "ఆయన అక్కడ చల్లటిది తింటుంటే నాకిక్కడ వేడిది ఎలా దిగుతుంది? నేనూ చల్లటిదే తింటున్నా."

అంటూనే ఖళ్ళుఖళ్ళున దగ్గింది. గడ్డకట్టే చలిలో, ఆ వయసులో, చల్లటి సూపు. సోరిన్‌కి ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. తన నోట్లోంచి వచ్చిన మాట ముసలాయన్ని వదిలి ముసలావిడ గొంతు పట్టుకున్నట్టు అనిపించింది. నిజం చెబితే ఆవిడ ఏమైపోతుందో! చెప్పకపోతే దగ్గి దగ్గి పోయేలా ఉంది.

మర్నాడు బజారులో పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూచున్న ఒక కరెంటు సామాన్ల దుకాణం అమ్మాయితో చెప్పాడు.

"లోపల మెరుస్తోందా? కొవ్వు చిమ్మి అభ్రకం రేకు కాలిపోయుంటుంది," అందా అమ్మాయి. "ప్లగ్గు పీకేసి, లోపల కుడి గోడకున్న రేకు మార్చుకో. వెనక మూత మాత్రం విప్పకు. ప్లగ్గు పీకినా లోపల కరెంటు దాక్కుని ఉంటుంది, మనిషిని తినేస్తుంది."

అభ్రకం! సరే. కానీ పాంతెలి మామ బతికుండగా కాలని అభ్రకం ఇప్పుడే ఎందుకు కాలింది? సోరిన్ రేకు కొన్నాడు గానీ అనుమానం మాత్రం పోలేదు.

ఆ సాయంత్రం రేవు మీంచి గాలి హోరుమంటోంది. "నువ్వది తెరిచే వేళకి నేను ఈ కొంపలో ఉండను" అని మిరెల్లా చెల్లెలింటికి పోయింది. సోరిన్ ఒక్కడే వంటింటి గడప మీద నిలబడి, చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"పాంతెలి మామా... నేనే. తప్పుగా అనుకోకు. నీ పనే చేస్తున్నా."

తువాలు తీశాడు. ప్లగ్గు ఊడదీసి ఉందో లేదో చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. తలుపు తెరిచి లోపలికి చెయ్యి పెట్టాడు. చల్లగా, జిడ్డుగా ఉంది. స్క్రూ విప్పి పాత రేకు లాగాడు. మధ్యలో నల్లగా చిల్లు పడి ఉంది. దాని వెనకాల... చీకటి కన్నం.

అదే సమయానికి కరెంటు పోయింది.

చలికాలంలో అందరూ హీటర్లు పెట్టగానే బ్లాకంతా కరెంటు పోవడం మామూలే. సోరిన్‌కీ తెలుసు. కానీ ఆ క్షణంలో తెలిసింది తెలిసినట్టు ఉండదు కదా.

తడుముకుంటూ టార్చి వెలిగించాడు. కొత్త రేకు మీద పాత రేకు పెట్టి, కత్తెరతో కత్తిరించడం మొదలెట్టాడు.

వెనక... ఏదో చప్పుడు.

గాలి అనుకున్నాడు.

మళ్ళీ. చెప్పులు ఈడ్చుకుంటూ వస్తున్నట్టు... మెల్లగా... ఆగి... మళ్ళీ మెల్లగా.

సోరిన్ వెనక్కి తిరగలేదు. కత్తెర అలాగే గాల్లో ఉండిపోయింది.

"సో...రిన్..."

గుసగుస. గొంతు బొంగురు.

"సూపు... చల్లగా ఉంది నాయనా..."

తిరిగాడు. గుమ్మంలో తెల్లగా ఓ ఆకారం. తల నుంచి పాదాల దాకా తెలుపు. చేతిలో కంచం.

"మామా! నా మాట వెనక్కి తీసుకున్నా! వేడి సూపు తాగు! మరుగుతున్న సూపు తాగు!" అని సోరిన్ ఓవెన్‌ని కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఓరి నీ దుంప తెగ! మామేమిట్రా? నేను అగ్లాయా అత్తని!"

కళ్ళు తెరిచాడు. తెల్లటి ఉన్ని శాలువా కప్పుకుని, చేతిలో పింగాణీ సూపు కంచంతో అగ్లాయా. "తలుపు కొట్టాను, పలకలేదు. తీసే ఉంది, వచ్చేశాను. మీ ఓవెన్ భేషుగ్గా ఉందన్నావుగా, నా చేత్తోనే వేడిచేసి తింటే ఆయనకి చేరుతుందేమోనని..."

ఆవిడ మాట ఆగిపోయింది. టార్చి వెలుగులో ఓవెన్ తలుపు తెరుచుకుని, రేకు ఊడి, నల్ల కన్నంతో ఉంది.

ఇక దాచేదేముంది? సోరిన్ అంతా కక్కేశాడు. మెరుపు సంగతి, తను ఆడిన అబద్ధం, పీపా గొడవలో తను అన్న మాట... "నా మాటే తగిలిందత్తా. అందుకే అక్కడ ఆయన సూపు చల్లారిపోయింది."

అగ్లాయా పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది.

"నీ మాట తగలడానికి నువ్వేమన్నా మహానుభావుడివా? పెళ్ళైన నాటి నుంచీ నేను ఆయన్ని రోజూ తిట్టాను. ఒక్కటంటే ఒక్కటి తగిలిందా? నిండు నూరేళ్ళకి దగ్గరగా బతికాడు!" అంది. అంటూనే కళ్ళనీళ్ళు తుడుచుకుంది. "అమ్మయ్య... అయితే తప్పు నాది కాదన్నమాట. టార్చి ఇలా ఇవ్వు. నువ్వు పని కానీ."

ఆవిడ టార్చి పట్టుకుంది. సోరిన్ సబ్బునీళ్ళ గుడ్డతో లోపలి జిడ్డంతా తుడిచి, పొడిగుడ్డతో ఆరతుడిచి, కొత్త రేకు బిగించాడు. "వంకరగా పెట్టావు. సరిగ్గా పెట్టు. మీ మామకి వంకర గిట్టదు," అని ఆవిడ పక్కనుంచి సాధిస్తూనే ఉంది.

కరెంటు వచ్చింది. ముందు కప్పులో నీళ్ళు పెట్టి, ప్లగ్గు తగిలించి, మీట నొక్కి, ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గోడకి అతుక్కున్నారు.

గుయ్‌య్‌య్...

మెరుపు లేదు. చిటచిట లేదు. నీళ్ళు సలసలా కాగాయి.

అగ్లాయా సూపు పెట్టింది. తీసేసరికి పొగలు. "ఇక్కడ నాకు... అక్కడ నీకు," అని నోట్లో పెట్టుకుని, నాలిక కాల్చుకుని, ఏడుస్తూ నవ్వుతూ కంచం ఖాళీ చేసింది. మిరెల్లా ఇంటికొచ్చేసరికి ఇద్దరూ రెండో విడత సూపు తాగుతున్నారు.

పొద్దున్నే సోరిన్ ఇంకా కాఫీ అయినా తాగకముందే అగ్లాయా మెట్లు దిగి వచ్చేసింది. మొహం వెలిగిపోతోంది.

"వచ్చాడు! రాత్రి మళ్ళీ వచ్చాడు!"

"వేడిగా ఉందన్నాడా అత్తా?" అని ఆత్రంగా అడిగాడు సోరిన్.

"వేడేమిటి, విసుక్కుంటున్నాడు! అక్కడ ఓవెన్ ఉన్నది ఆయన ఒక్కడికేనట. ఊళ్ళో పోయిన వాళ్ళంతా గిన్నెలు పట్టుకుని గుమ్మం ముందు వరసగా నిలబడ్డారట. తినడానికి తీరిక లేదే అగ్లాయా అంటాడు."

మిరెల్లా పడీపడీ నవ్వింది.

"అందులో ఎవరో పొడుగాటి ఆవిడ," అంది అగ్లాయా కుర్చీ లాక్కుంటూ. "ఎడంచేత్తో పాల కప్పు పట్టుకుని, అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చేసిందట. 'వరసలో రావమ్మా' అని మీ మామ కసిరితే, 'నాకు వరసేమిటయ్యా? దాన్ని బాగుచేసింది మా అబ్బాయి!' అందట. ఎవరో ఏమో. నేనైతే ఎప్పుడూ చూడలేదు ఆ మనిషిని."

చూసే వీలే లేదు. సోరిన్ వాళ్ళమ్మ ఎక్కడో కొండల్లో, అతను బ్రయిలాకి రాకముందే పోయింది. ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. ఆవిడది ఎడమచేతి వాటమని అతను మిరెల్లాతో కూడా ఎన్నడూ అనలేదు.



సోరిన్ లేచాడు. కప్పులో పాలు పోసి, ఆ మూలకి వెళ్ళి, ఓవెన్‌లో పెట్టి మీట నొక్కాడు.

"చాలు, పొంగిపోతాయి," అంది మిరెల్లా మెల్లగా.

"ఇంకాస్త కాగనీ," అన్నాడు సోరిన్. "మా అమ్మకి మీగడ కట్టాలి."